మా అత్త నరాల జబ్బు

శనివారం నుంచి మా అత్త ముఖం నేరుగా చూడలేకపోతున్నా. ఏం జరిగిందో చెప్తా, టీ తాగుతా వినండి.

రెండు నెలల కిందట ఇంట్లో వెట్ గ్రైండర్ ప్లగ్గు కాలిపోయింది. కొత్తది నేనే బిగించినా. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, దీనికి మళ్లీ ఎలక్ట్రీషియన్ ఎందుకని. మూడు వైర్లలో గ్రీన్ వైరు పొట్టిదై అందలేదు. మిగతా రెండూ తగిలిస్తే గ్రైండర్ గిర్రున తిరిగింది. ఇంకేం, గ్రీన్ వైరు కత్తిరించి లోపలికి తోసేసినా.

వారం తిరక్కుండానే అత్త అనింది, "అల్లుడా, గ్రైండర్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటా ఉండాది."

నేను పట్టుకుని చూసినా. ఏమీ లేదు. నాకు మడమ నొప్పి, వంటింట్లో కూడా రబ్బరు చెప్పులతోనే తిరుగుతాను లెండి. "కరెంటు కాదత్తా, నీకు నరాల బలహీనత" అని తేల్చేసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా. ఆయన మాత్రలు రాసిచ్చినాడు. అత్త మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మాత్రలు భలే పనిచేసినాయని స్టాఫ్ రూములో కూడా చెప్పుకున్నా.

మొన్న పెరటాసి నెల శనివారం, ఏడుకొండలవాడి పూజ. నామం పెట్టుకున్నాక ఆ పొద్దంతా చెప్పులు తొడగను. స్వామికి వడలు కదా, పప్పు నేనే రుబ్బుతానని తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి గ్రైండర్ ఆన్ చేసి, అంచు మీద చెయ్యేసినా. ఒక్క దెబ్బకి గోడకాడ పడినా. మినప్పప్పు గిన్నె నెత్తిన బోర్లా పడింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు విప్పినాడు. "ఎర్త్ వైరు కోసేసినారే సార్. లీకయిన కరెంటు ఇంక యాడికి పోతాది? చెప్పుల్లేకుండా ముట్టుకున్నోళ్లనే కొడతాది. ఎవురు సార్ బిగించింది?"

నా భార్య నన్ను చూసింది. నేను నేల మీది మినప్పప్పును చూసినా.

"అమ్మా, ఇన్నాళ్లూ నువ్వెట్లా రుబ్బినావే?" అని అడిగింది తను.

అత్త మూలనుంచి చెక్క పీట, చెక్క గరిటె తెచ్చి చూపించింది. "పీట మీద నిలబడి, దీంతో తోస్తా ఉంటి. చెప్తే మళ్లా డాక్టరు కాడికి తీసకపోతాడని గమ్మునుండా."

సిగ్గుతో చచ్చిపోయినా. ఎర్త్ వైరు ప్రాణం కాపాడుతుందని ఏటా పదో తరగతికి బొమ్మ గీసి చెప్పేది నేనే. ఆ పీటే లేకుంటే ఏమయ్యేదో తల్చుకునేసరికి చేతులు వణికినాయి.

అత్త అది చూసి లోపలికి పోయి మాత్రల షీటు తెచ్చింది. "ఇంకా ఆరు మిగిలినాయి అల్లుడా. నరాలకి మంచివంట, వేసుకో."

నీళ్లు కూడా తనే అందించింది. ఒకటి మింగినా.