లెక్కలో లేని స్త్రాజెవో

వెలిచ్కా ద్రగోయెవాది మా కొండ ఊరు స్త్రాజెవోయే. పట్నంలో చదువుకుని, జిల్లా ఆరోగ్య కార్యాలయంలో అంబులెన్సులు ఎక్కడ నిలబెట్టాలో గణితంతో తేల్చే పనిలో చేరింది. జనం ఎక్కడున్నారు, దారి ఎంతసేపు పడుతుంది అన్నవి కంప్యూటర్లోని లెక్కల నమూనాలో పెడితే, ఉన్న బళ్ళతోనే ఎక్కువమందిని త్వరగా చేరే ఏర్పాటు బయటికొస్తుంది. ఆమె ఒక బండిని హైవే పక్కకి మార్పించాక అక్కడ ప్రమాదాల్లో చావులు తగ్గాయి. మంచి పనే, కాదనను.

డ్రైవర్లు జర్మనీ దారి పట్టడంతో ఒక బండి తగ్గించాల్సి వచ్చింది. జీతాలు పెంచుదామన్న మాట ఏ అధికారి నోటా రాలేదు. ఎవరి బండి తీసెయ్యాలన్నదే వాళ్ళ ప్రశ్న. నమూనా స్త్రాజెవో పేరు చెప్పింది.

వెలిచ్కా ఊరికొచ్చి గ్రంథాలయం హాల్లో అందరినీ కూర్చోబెట్టింది.

"ఊళ్ళో పట్టుమని పాతికమంది కూడా లేరంటోంది లెక్క," అంది.

హాలు నిండా ముసలివాళ్ళు. గనిలో పనిచేసి వచ్చిన మించో వెనక బల్ల మీంచి అడిగాడు.

"మరి మేమెవరం తల్లీ, దయ్యాలమా? ఇందాక నువ్వు తాగిన కాఫీ దయ్యమే కాచిందా?"

అందరూ నవ్వారు. వెలిచ్కా నవ్వలేదు. ఆమెకు అప్పుడు తట్టింది. మా దగ్గర అందరూ చేసే పనే ఇది. అమ్మమ్మ, తాతల చిరునామా పట్నంలో పిల్లల ఇంటికి రాయిస్తే మనవలకి సర్కారు పసిపిల్లల బడిలో సీటు సులువుగా దొరుకుతుంది; ఇంట్లో ఎంతమంది పేర్లు పట్నంలో ఉంటే పిల్లకి అన్ని ఎక్కువ మార్కులు వేస్తారు. మనుషులు కొండమీద, పేర్లు పట్నంలో. వెలిచ్కా కూడా కూతురి కోసం తల్లి రుసలీనా పేరు తన ఫ్లాటుకి రాయించింది. తర్వాత అదే జనాభా లెక్కని నమ్మి నమూనాలో పెట్టింది.

ఊళ్ళో నిజంగా ఉన్నవాళ్ళతో మళ్ళీ లెక్క వేసింది. ఈసారి నమూనా స్త్రాజెవో బండిని తియ్యమనలేదు. పై అధికారి పావ్లిన్ కాగితం వెనక్కి తోశాడు.

"నమోదైన చిరునామాలే మనకు లెక్క, వెలిచ్కా గారూ. మీవాళ్ళని పేర్లు వెనక్కి మార్పించుకోమనండి. నెలాఖరు దాకా ఆగుతాను."

ముందు తల్లి దగ్గరికే వెళ్ళింది. రుసలీనా పెరట్లో మిరపకాయలు కాలుస్తోంది.

"పేరు మార్చుకోవే అమ్మా. నువ్వు మారిస్తే మిగతావాళ్ళూ కదులుతారు."

"మారిస్తే పిల్ల సీటో?"

"పోతుంది."

"పోతే దాన్నెవరు చూస్తారు? ఉద్యోగం మానేస్తావా?"

"నీ గుండె సంగతేంటి మరి?"

"ఇన్నేళ్ళు ఆగనిది ఇప్పుడే ఆగుతుందా? వాగింది చాలుగానీ ఆ పట్టకారు ఇలా తే."

ఊళ్ళో ఏ తలుపు తట్టినా అదే జవాబు. ఆకులు రాలకముందే బండి వెళ్ళిపోయింది. మనవల సీటుకీ ముసలివాళ్ళ ప్రాణానికీ పోటీ పెట్టింది గణితం కాదు. చాలినన్ని బడులు కట్టనివాళ్ళూ, డ్రైవరుకి బతికేంత జీతం ఇవ్వనివాళ్ళూ పెట్టారు. వాళ్ళెవరూ నమూనాలో ఉండరు.

ఫిబ్రవరిలో రుసలీనాకి గుండెనొప్పి వచ్చింది. పట్నం నించి బయల్దేరిన బండి మంచులో పైకి ఎక్కేసరికి మించో ఆమె కళ్ళు మూసేశాడు.

సమాధి దగ్గర, మా ఆచారం ప్రకారం పోయినవాళ్ళ పేర చక్కెర కలిపి ఉడికించిన గోధుమలు పంచుతుంటే పక్కింటి దోబ్రినా వచ్చి వెలిచ్కా మోచెయ్యి పట్టుకుంది.

"నా పేరు ఇక్కడికి మార్పించమ్మా. మా కోడలికి మాత్రం ఇప్పుడే చెప్పకు."

ఒక్క పేరుకి నమూనా కదలదని వెలిచ్కాకి తెలుసు. అయినా చేతికంటిన చక్కెర దులుపుకుని, ముసలామెని నడిపించుకుంటూ పంచాయతీ ఆఫీసు వైపు వెళ్ళింది.