ఎర్రగీతకు పైన సర్దిన రొయ్యలు

ఆ రొయ్యల కంటైనరు గురించి మా చుట్టాలందరూ మాట్లాడారు. నన్ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అది వెళ్లిన ఓడలో ఎలక్ట్రీషియన్ని నేనే. బహుశా అందుకే అడగలేదు. మా పెదపాడులో తెలిసినవాణ్ణి అడిగితే కబుర్లు తొందరగా అయిపోతాయి.

మావాళ్ల దృష్టిలో మా ఓడ కొల్లేటి పడవకు పెద్దక్క. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేసరికి చేతిలో టీ చల్లారిపోతుంది. దాని మీద ఇనుప పెట్టెలు మేడల్లా పేర్చి ఉంటాయి. అంత ఓడనూ నడిపేవాళ్లం మా చర్చిలో పాటలు పాడేవాళ్లంత మంది కూడా ఉండం. రేవులో క్రేన్లు చకచకా దింపి ఎక్కించేస్తాయి, మేం బయల్దేరిపోతాం. ఇన్ని దేశాలు తిరిగి నేను చూసింది క్రేన్ల కాళ్లు. ఇంటికొస్తే అందరూ "ఏం తెచ్చావు?" అనేవాళ్లే. చలి కంటైనర్లకు ఓడ కరెంటు సరిగా అందుతోందా, లోపల చల్లదనం నిలిచిందా అని పొద్దునా సాయంత్రం సన్నటి ఇనుప వంతెనల మీద తిరిగి చూడటం నా పని.

మా అక్క భర్త, అంటే బావగారు, ఏలూరు దగ్గర రొయ్యల ప్లాంటులో లోడింగు చూస్తారు. అంతకుముందు ఆయన బతుకంతా కొల్లేరు చేపల్ని హౌరా వెళ్లే లారీలకు ఎక్కించడంలోనే గడిచింది. ఐసు, చేప, మళ్లీ ఐసు, కప్పు దాకా. సందు వదిలినవాడు ఆయన లెక్కలో పనిదొంగ. లారీకి అది సరైన పద్ధతే, నేను కాదనను.

ఒకసారి ఆయన లోడు మా ఓడకే వచ్చింది. విశాఖలో కంటైనరు ఎక్కాక, దాని నెంబరూ ఒక వీడియోనూ పంపి ఫోన్ చేశారు.

"చూశావా బావమరిదీ! వేలు దూరే సందు లేకుండా సర్దించాను."

వీడియోలో అట్టపెట్టెలు కప్పును తాకుతున్నాయి.

"బావగారూ, లోపల గోడ మీద పైన ఎర్రగీత ఉంటుందండీ. దాన్ని దాటి సర్దకూడదండీ. చల్లగాలి ఆ ఖాళీలోంచే మిషనుకు తిరిగి రావాలండీ."

"గాలికి కూడా సీటు రిజర్వు చేయమంటావేంటయ్యా?" అని నవ్వి పెట్టేశారు.

నడిసముద్రంలో ఆ పెట్టె అలారం మోగించింది. కరెంటు ఉంది. మిషను బాగుంది. ఫ్యాను మార్చాను, గొట్టాలు తుడిచాను. సీలు తీసి తలుపు తెరిచే అధికారం మాకు లేదు. జ్వరం తగ్గని బిడ్డ పక్కన కూర్చున్నట్టు ఉప్పుగాలిలో దాని దగ్గరే కూర్చున్నాను. గీత దాటి సర్దిన సంగతి కంపెనీకి చెప్పండి బావగారూ, అని మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు.

అవతలి రేవులో తలుపులు తీస్తే పైవరసల్లో రొయ్యలు మెత్తబడిపోయాయట. కొన్నవాళ్లు లోడు వద్దన్నారు. ఆ కబురు నాకంటే ముందే ఊరు చేరింది. నేను సెలవుకొచ్చేసరికి, ఓడలో నావల్లే కరెంటు పోయిందని ఖాయం చేసేశారు.

అక్కావాళ్లింట్లో ప్రార్థన కూడిక పెట్టారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మా పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"అంత ఓడ కొన్నవాళ్లు ఒక ఇన్వర్టరు పెట్టుకోలేకపోయారా బాబూ?"

"కరెంటు పోలేదు పిన్నీ."

"పోనీలే నాయనా, మా గూడెంలోనూ పోతుంది" అని ఓదార్చింది.

ఇంతలో బావగారు పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పారు. పాస్టరుగారు కళ్లు మూసుకుని, "తండ్రీ, ఈ తమ్ముడికి చేసే పనిలో శ్రద్ధ దయచేయుము" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది బావగారే. వీడియో చూపిద్దామని ఫోన్ తీశాను. ప్రార్థనలో ఫోనేంట్రా అని అక్క లాగేసుకుంది.

ఓడవాళ్లు నన్ను మళ్లీ పనికి పిలిచారు. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ ఎవరింట్లో బల్బు పోయినా, "మావాణ్ణి పిలవకండి, రొయ్యలు గుర్తున్నాయిగా!" అని బావగారే హెచ్చరిస్తారు. నేను కష్టపడి నేర్చుకున్న పని పేరు చెబితే జనం నవ్వుతున్నారు.

బావగారూ, వీడియో నా దగ్గర ఇంకా ఉందండీ. నేను అడిగేది ఒక్కటే. ఆ ఎర్రగీత మీరు చూశారా, చూడలేదా? చూశానంటే చూశానని, లేదంటే లేదని, ఆ పాస్టరుగారి ముందూ ఆ పిన్ని ముందూ నోరు తెరిచి చెప్పండి. నాకిక నీలం టిక్కులు వద్దు.