నాలుగున్నర చుట్లు

పదకొండేళ్లుగా నేనొక అంకెను మోస్తున్నాను. చిన్న అంకె. ఐదుకు కూడా చేరదు. దాన్ని నా భార్యకు చెప్పలేదు. గుండె నొప్పని ఆసుపత్రిలో చేరినప్పుడు, రాత్రిళ్లు నిద్ర ఎందుకు పట్టదని అడిగిన డాక్టరుకూ చెప్పలేదు. ఒక మనిషి బతుకు ఆ అంకె కింద నలిగిపోయింది. నలిపింది నేను.

అది జరిగిన తేదీ నాకు గుర్తుంది, వారమూ తిథీ కూడా. ఇక్కడ రాయను. రాస్తే అతన్ని గుర్తుపట్టగలవారు ఉంటారు, అతని పరువు ఇప్పటికే నావల్ల పోవలసినంత పోయింది. పేరు కూడా మార్చి చెన్నకేశవులు అంటాను. నా భార్యకు తమ్ముడు, నాకు బావమరిది.

ముందు నేనెలాంటివాణ్ణో చెప్పాలి, లేకపోతే చేసిన పని బరువు మీకు తెలియదు. కాలువ పనుల కొలతలు సరిచూడడం నా ఉద్యోగం. ఎంత తవ్వామని కాంట్రాక్టర్లు చెప్పేది నాకు పట్టదు, టేపు చూపింది రాసేవాణ్ణి. "సుమారుగా" అనే మాట నా నోట ఎవరూ వినలేదు. బంధువుల్లోనూ అదే పేరు. పెళ్లికి ఎన్ని బియ్యం నానబెట్టాలన్నా, కట్టిన గోడ ఎంత వాలిందన్నా నన్నే పిలిచేవారు. నేనొక అంకె చెప్పాక రెండోసారి అడిగినవారు లేరు. దాన్ని గౌరవం అనుకున్నాను. ఏదో ఒకరోజు అది ఒకరి నోరు మూయించడానికి పనికొస్తుందని నాకు తెలియదు. నిజంగా తెలియదా? తెలిసే ఉంటుంది. నేను చెప్పబోయే ఆసుపత్రి వరండాలో అంకె అంత సులువుగా నోటికొచ్చిందంటే, అది ఎప్పటినుంచో లోపల సిద్ధంగా ఉండే ఉంటుంది.

ఉద్యోగం ముగిసిన ఏడాది బనగానపల్లెలో మామిడి మండీ వెనక ఒక కారు చూశాను. ఎర్రటి చిన్న కారు, పదిహేనేళ్ల పాతది. పైకి మామూలు హ్యాచ్‌బ్యాకే, కానీ లోపలి ఇంజను దాని ఒంటికి మించినది. వేగం ఇష్టపడే కుర్రవాళ్ల కోసం కొద్దికాలం చేసి ఆపేసిన రకం. సీట్ల మీద ఖాళీ పండ్ల బుట్టలు, అడుగున తుప్పు. లారీకెక్కించి మేముండే కల్లూరుకు తెచ్చి, ఇంటి పక్కన రేకుల షెడ్డు వేయించి అందులో పెట్టాను. అరవై ఏళ్ల వయసులో ఇదేం పిచ్చి అని అందరూ అన్నారు. నా జీవితమంతా ఇతరులు చేసిన పనిని కొలిచాను. నా చేతులతో చేసినది ఒక్కటి ఉండాలనిపించింది. అంతే.

చెన్నకేశవులు అప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. ప్రైవేటు బడిలో బస్సు డ్రైవరు. ప్రతి ఆదివారం షెడ్డుకొచ్చి నాతోపాటు నడుం వంచేవాడు. ఇంజను విప్పి సిలిండర్లను అర మిల్లీమీటరు పెద్దవి చేయించాం. స్ప్రింగులు మార్చి కారును ముప్పై ఐదు మిల్లీమీటర్లు నేలకు దించాం. సైలెన్సరు పీకి లావుపాటి గొట్టం వేయించాం, దాంతో నిలబడి ఉన్న కారు కూడా పరుగెత్తుతున్నట్టు గర్జించేది. నేను ప్రతి భాగాన్నీ రెండుసార్లు కొలిచేవాణ్ణి. అతను బానెట్ మీద మోచేతులు ఆనించి నవ్వేవాడు.

"ఏం బావా, కారు బాగు చేస్తాండావా, దానికి జాతకం రాస్తాండావా?"

ఆ మూడేళ్లు నేను సుఖంగా ఉన్నాను. ఇది కూడా చెప్పాలి.

ఇక చక్రాలు. కారును కిందికి దించాక చక్రాలు మడ్‌గార్డుల లోపలికి ముడుచుకున్నట్టు కనిపించేవి. నాకు నచ్చలేదు. చక్రానికీ, అది కూర్చునే హబ్బుకూ నడుమ అల్యూమినియం బిళ్ల పెడితే చక్రం బయటికి జరిగి, కారు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినట్టు ఉంటుంది. నేను తెప్పించిన బిళ్ల మందం పదిహేను మిల్లీమీటర్లు. అంత మందమూ బోల్టు పొడవులోంచే పోతుంది కాబట్టి పొడవైన బోల్టులు కూడా వేయాలి. నట్టు బోల్టు మీద కనీసం ఎనిమిది చుట్లు ఎక్కాలి. పొడవు బోల్టులు కోయంబత్తూరు నుంచి వెనక చక్రాలకు వచ్చాయి, ముందువాటికి రాలేదు. పాత బోల్టుల మీద ముందు చక్రాలు ఎక్కించి నట్లు తిప్పితే నాలుగున్నర చుట్లకే బిగిసిపోయాయి. మళ్లీ విప్పి మళ్లీ తిప్పాను. నాలుగున్నరే.

ఎల్లుండి ఒంటిమిట్ట కల్యాణం. అక్కడ కారుకు పూజ చేయిస్తానని ఆరు నెలల ముందే బంధువులందరికీ చెప్పి ఉన్నాను. నేను చెప్పిన తేదీ ఏనాడూ తప్పలేదు.

తేదీ తప్పకుండానే ఇంకో దారి ఉండింది. ముందు బిళ్లలు తీసేసి చక్రాలను వాటి పాత చోటనే బిగిస్తే సరిపోయేది. పావుగంట పని. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు, లెక్కలు తప్ప మరేదీ నమ్మని నాకే లెక్క లేదు. కానీ వెనక చక్రాలు బయటికీ ముందువి లోపలికీ ఉంటే కారు కుంటిదానిలా కనపడుతుంది. పదిమంది చూస్తారు. మూడేళ్లు ఏం కొలిచాడయ్యా ఈయన అంటారు. ఒక్క ప్రయాణమే కదా అనుకున్నాను. మెల్లగా పోతే ఏమీ కాదనుకున్నాను. బిగింపును అంకెలో చూపే రెంచి తీసుకుని ఒక్కో నట్టును తొంభైకి బిగించాను. తొంభై దగ్గర అది టక్కుమంటుంది. అన్నీ టక్కుమన్నాయి. చుట్ల సంగతి చెన్నకేశవులుకు చెప్పలేదు.

నాకు కంటి ఆపరేషన్ అయి కొద్ది రోజులే అయింది కాబట్టి కారు అతను నడపాలి. పక్కన అతని భార్య నాగలక్ష్మి. మా ఇద్దరినీ కూడా రమ్మన్నారు. వెనక సీటు ఇరుకు, బస్సులో వస్తాములే అన్నాను. సీటు ఇరుకన్నది నిజమే. కానీ అందుకేనా? భయం వేసి నా భార్యను ఆ కారు ఎక్కనివ్వలేదా? అలాగైతే నాగలక్ష్మిని ఎలా ఎక్కనిచ్చాను? ఈ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇప్పుడూ ఆగిపోతున్నాను.

బయలుదేరేముందు కిటికీ దగ్గర నిలబడి, కొత్తగా చేసిన ఇంజను, అరవై దాటొద్దని చెప్పాను.

"అరవై అంటే అరవైయే బావా. స్కూలు బస్సోన్ని, నాకదే శానా ఎక్కువ."

మైదుకూరు దాటాక ముందు ఎడమ చక్రం ఊడిపోయింది. కారు కల్వర్టు గోడను గుద్దుకుంది. ఫోను వచ్చేసరికి మా బస్సు కడప చేరింది, నేరుగా ఆసుపత్రికి పోయాము. అతనికి తలమీద, చేతులమీద దెబ్బలు. నాగలక్ష్మికి తుంటి ఎముక విరిగింది.

కల్వర్టు పక్కన టీ కొట్టు ఉంది. ఆ కొట్టతను కారు రావడం చూడలేదు, విన్నాడు. ఆ శబ్దానికే ఎంత వేగంగా వస్తోందో అనుకున్నానని చెప్పాడు. నేను వేయించిన లావుపాటి గొట్టం శబ్దం అది. నలభై మీద పోతున్నా వందలా వినిపించేది, దాని గొప్పే అది. కాగితాల్లో అతివేగమని పడింది. అతివేగంగా వచ్చి గోడను గుద్దాడు, ఆ దెబ్బకు చక్రం ఊడింది. అందరికీ నచ్చే వరుస. దాన్ని తిరగెయ్యగలవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

సాయంత్రం వరండాలో చెన్నకేశవులు నా పక్కకొచ్చి కూర్చున్నాడు. తలకు కట్టు. ఎదురుగా గోడకు ఆనుకుని నాగలక్ష్మి తండ్రి నిలబడి ఉన్నాడు.

"బావా, నువ్వొక్కడివే చెప్పగలవు. చక్రం ముందు ఊడిందా, నేను గోడకు కొట్టినాక ఊడిందా?"

నేను నల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

"నాకేం గ్యాపకం లేదు బావా. అరవై దాటలేదనే అనుకుంటాండా. అందరూ దాటినావంటాండారు. దాటినానేమో."

"నట్లు తొంభైకి బిగించినా," అన్నాను. "నాలుగు చక్రాలూ. రెంచి టక్కుమన్యాక ఇంకోసారి కూడా చూసినా."

అతను కాసేపు నా ముఖంలోకి చూశాడు. అనుమానంతో కాదు. అనుమానంతో చూసి ఉంటే నేను చెప్పేసేవాణ్ణేమో.

"నువ్వు చూసినావంటే ఇంగ అయిపోయె. అయితే నేనే బావా."

ఎదురుగా ఉన్న పెద్దాయన తల పక్కకు తిప్పుకుని ఉమ్మివేయడానికి బయటికి పోయాడు. అంతే జరిగింది. తీర్పు అక్కడే అయిపోయింది.

నేను చెప్పిన ప్రతి మాటా నిజం. తొంభై నిజం. రెండోసారి చూడడం నిజం. నిజమైన అంకె ఒకటి ముందు పెట్టి, దాని వెనక ఇంకో నిజమైన అంకెను దాచాను. అబద్ధం చెప్పి ఉంటే ఎక్కడో తడబడేవాణ్ణి, ఎవరైనా పట్టుకునేవారు. నేను తడబడలేదు. ఉద్యోగంలో ఇలాంటి పని ఎవరు చేసినా నేను క్షమించలేదు. కొలతలన్నీ సరిగ్గా చూపి, ఒక్క కొలత చూపకుండా పోయినవాళ్లను ఎందరినో పట్టుకున్నాను. పట్టుకున్న ప్రతిసారీ నీతి కూడా చెప్పాను.

కారు షెడ్డుకు తిరిగొచ్చాక హబ్బు చూశాను. గోడ తగిలి చక్రం ఊడి ఉంటే బోల్టులు వంగాలి, లేదా తెగాలి. ఒక్కటీ వంగలేదు. కొనల దగ్గర నాలుగున్నర చుట్ల మేర మర గొరిగేసినట్టు పోయింది, లోపలి మర కొత్తదానిలా ఉంది. ఇంకేం రుజువు కావాలి? ఆ బోల్టులను పీకి పాత ఇనుము కొనేవాడి తక్కెట్లో వేశాను. కారును కూడా ముక్కలుగా అమ్మేశాను. పని చేస్తున్నంతసేపూ నా చేతులు వణకలేదు. అది నన్ను ఇంకా భయపెడుతుంది.

తర్వాతి సంగతులు తొందరగా చెబుతాను, నిదానంగా చెప్పడం నాకు చేతకాదు. పిల్లలను ఎక్కించుకుని తిరిగే బస్సుకు అతివేగం కేసు ఉన్నవాణ్ణి పెట్టుకోలేమని బడివాళ్లు అన్నారు. వాళ్లు అన్నది న్యాయమే, వాళ్లకు తెలిసినంతలో. నాగలక్ష్మిని చూసుకునేవాళ్లు కావాలని భార్యాభర్తలు కడపలో ఆమె పుట్టింటి పక్కకు చేరారు. అతను బండల పాలిషు ఫ్యాక్టరీలో కాపలా. ఆమెకు చేతికర్ర. పుట్టింటివాళ్లు అతన్ని పేరు పెట్టి పిలవడం మానేశారు, "ఆ స్పీడాయన" అంటారు. అతను మళ్లీ స్టీరింగు ముట్టలేదు. షేర్ ఆటోలో కూడా ముందు కూర్చోడు.

అన్నిటికంటే నన్ను తినేది ఇది. ప్రతి ఉగాదికీ నాగలక్ష్మి ఫోను చేసి అంటుంది: "మూడేండ్లు కష్టపడి చేసుకున్న నీ కారు పోగొట్టినాడన్నా ఈయప్ప. నీకు మొగం చూపించల్లంటే సిగ్గుతో సస్తాండాడు." నేను "పోనీలేమ్మా" అంటాను. పదకొండేళ్లుగా, ఆమె తుంటి విరగ్గొట్టిన నేను, ఆమె భర్తను క్షమిస్తున్నాను.

ఈ ఎండాకాలం కడప పోయాను. చెప్పాలనే పోయాను. వాళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని బిళ్లలు, పాత బోల్టులు, చుట్లు, అన్నీ వరుసగా చెప్పాను. గొంతు బాగానే పలికింది. అయ్యాక చెన్నకేశవులు నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఇడువు బావా. నా బాధ సూడలేక చెప్తాండావు. నాకు తెలీదా?"

కాదన్నాను. ఒట్టు పెట్టాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆ పొద్దు తొంభై అంటివి. నువ్వు అంకె మార్చేటోనివి కాదు."

నా దగ్గర చూపడానికి ఒక బోల్టు లేదు. నాగలక్ష్మి కళ్లు తుడుచుకుని, నాది దొడ్డ మనసని చెప్పి, కర్ర ఆనించుకుంటూ లేచి సంగటి పెట్టింది. తిన్నాను. అతను నమ్మలేదని తెలిసిన క్షణంలో నా లోపల ఏదో తేలికైంది, అది కూడా దాచకుండా రాస్తున్నాను. ఆ తేలికదనం బస్సు ఎక్కేదాకా కూడా నిలవలేదు.

మళ్లీ పోయి చెప్పినా ఇదే జరుగుతుంది. ఎంత గట్టిగా చెబితే అంత మంచివాణ్ణవుతాను. అందుకే నన్ను ఎరగని మీకు రాస్తున్నాను. నా మీద మీకు ఏ గౌరవమూ లేదు, కాబట్టి మీరు నమ్మగలరు. క్షమించమని అడగను, అది మీ చేతుల్లో లేదు. అతని చేతుల్లోంచి కూడా నేనే లాగేసుకున్నాను. ఒక్కసారి సరైన వరుసలో పెట్టి చెబితే చాలు.

చెన్నకేశవులు అరవై దాటలేదు. చక్రమే ముందు ఊడింది.