నాన్న బైనాక్యులర్స్, తాతయ్య చెయ్యి

నా చిన్నప్పుడు మా తాతయ్యకూ నాన్నకూ మధ్య మాటామాటా రావడం ఒక్కసారే చూశాను. జింకల జాడ పట్టి అడవిలో నడిచే మనిషి బైనాక్యులర్స్ తీసుకెళ్లాలా వద్దా అన్నదే ఆ గొడవ. సింగపూర్ క్లెమెంటిలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో, పప్పూ అన్నం కలుపుకుంటూ, మామా అల్లుళ్లు జింకల గురించి వాదించుకోవడం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, శ్రీకాకుళం వైపు నుంచి కుర్రతనంలోనే మలయాలోని జొహోర్ రబ్బరు తోటలకు వచ్చిన మనిషి. అక్కడ ఒక మలయ్ పెద్దాయన వెంట తిరిగి అడవి నేర్చుకున్నాడు. రూసా అని వాళ్లు పిలిచే పెద్ద జింక, మన కణుజు, ఏ వేళకు ఎక్కడ మేస్తుందో, ఎటు గాలి వీస్తే ఎటు నుంచి వెళ్లాలో ఆయనకు కొట్టిన పిండి. తర్వాత సింగపూర్ వచ్చి మండాయ్ వైపు రిజర్వాయర్ దగ్గర వాచ్‌మన్‌గా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. రిటైరయ్యాక మా ఫ్లాటుకు వచ్చి, కారిడార్‌లో కుర్చీ వేసుకుని ఎదుటి బ్లాకు గోడను చూస్తూ కూర్చునేవాడు. ఆయన రోజురోజుకీ మాట తగ్గించేస్తుంటే అమ్మమ్మకు దిగులుగా ఉండేది.

అలాంటి రోజుల్లో, రిజర్వాయర్ రోజుల నుంచి తాతయ్యను ఎరిగిన ఒక చైనీస్ ఆఫీసరు మా ఇంటికి వచ్చాడు. మండాయ్ రోడ్డు పక్కన జింకలు కనబడుతున్నాయట. ఎన్ని ఉన్నాయో, ఎక్కడ తిరుగుతున్నాయో లెక్క కావాలట. ఒక ఉదయం తాతయ్య ముందు నడిచి చూపిస్తే చాలు, పని కుదిరితే నెలనెలా రమ్మంటామన్నాడు. ఆ సాయంత్రమే తాతయ్య మంచం కింద నుంచి పాత బూట్లు తీసి తుడవడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు ముస్తాబవుతున్నాడని అమ్మమ్మ ఏడిపించింది. ఆయన మళ్లీ మనిషయ్యేది ఆ అడవిలోనేనని మా అందరికీ తెలుసు.

నన్నూ తీసుకెళ్తానన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. స్కూలు సెలవులు, గారాబం అనుకున్నారు. రెండు వారాలపాటు మా బ్లాకు వెనక, రైలు పట్టాల పక్కనున్న పొదల్లో నాకు నడక నేర్పాడు. మూడు అడుగులు వేసి ఆగాలి, ఊపిరి కుదుటపడేదాకా కదలకూడదు. చెట్లన్నీ నిలువుగా ఉంటాయి కాబట్టి అడ్డంగా ఉన్న గీత కోసం వెతకాలి, అదే జింక వీపు. అన్నిటికంటే ముఖ్యం, నోరు మెదపకూడదు. నా చెయ్యి ఆయన చేతిలో ఉండాలి. ఎన్ని జంతువులు కనిపిస్తే అన్నిసార్లు ఆయన చెయ్యి నొక్కాలి. వెనకున్న వాళ్లకు ఆ లెక్క ఆయన వేళ్లతో చూపిస్తాడు. జింకలు లేవు కాబట్టి వీధికుక్కల మీద సాధన చేశాం. అడవికి వెళ్లేవాళ్లందరూ అలాగే చేస్తారని నేను నమ్మాను.

గొడవ వచ్చింది బయల్దేరడానికి ముందు రోజు. నాన్న జురాంగ్ షిప్‌యార్డులో పనిచేసేవాడు. ఒక ఓడ ఆఫీసరు వెళ్లిపోతూ ఇచ్చిన పాత బైనాక్యులర్స్ మా బీరువాలో ఉండేవి. నాన్న మంచి ఉద్దేశంతోనే వాటిని తెచ్చి అన్నాల దగ్గర పెట్టాడు.

"ఇవి పట్టుకెళ్లండి మావయ్యా. దూరం నుంచే లెక్కపెట్టొచ్చు."

"అడివిలో దూరవెక్కడున్నాది బాబూ? ఇరవై అడుగులకి ఆకే అడ్డం" అన్నాడు తాతయ్య.

నాన్న వదల్లేదు. ఆకుల సందులోంచి చెవి కొస కనబడినా అది జింకో కాదో వీటితో తేలిపోతుందన్నాడు. తాతయ్య కూడా తగ్గలేదు. చెమటకి అద్దాలు మసకేస్తాయని, మోచేతులు పైకి లేపితే ఆ కదలికకే జింక పరుగెడుతుందని, ఆ గొట్టంలోంచి చూసేవాడికి ఒక్కటే కనిపించి చుట్టూ ఉన్నవన్నీ పోతాయని అన్నాడు. చివరికి గొంతు పెంచి, దాన్ని కళ్లు లేనోళ్లకి ఇచ్చుకోమని కంచం ముందు నుంచి లేచిపోయాడు. అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. ముసలాయన మొండితనం అనుకున్నాను. తెల్లవారి లేచి, రెయిన్‌కోటు కింద దాచి బైనాక్యులర్స్ నా స్కూలు సంచిలో పెట్టుకున్నాను. తాతయ్యకు సాయం చేద్దామనే పెట్టుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, జింకను బాగా చూడాలన్న ఆశ కొంత, తాతయ్య కంటే నాకే ఎక్కువ తెలుసని చూపించుకోవాలన్న పొగరు కొంత.

ముందు రోజు వాన పడి అడవి నేల మెత్తగా ఉంది. తాతయ్య ముందు, ఆయన ఎడమ చేతిలో నా చెయ్యి, నోటుబుక్కుతో ఆఫీసరు వెనక. ఒకచోట తాతయ్య వంగి బురదలో వేళ్లు పెట్టి గిట్టల గుర్తులు తడిమాడు. ఒక పెద్దది, ఒక మధ్యరకం, ఒక చిన్నది అని నా చెవిలో చెప్పాడు. కళ్లతో చూస్తే తెలిసేదాన్ని అంతసేపు తడమడం ఎందుకని నాకు అనిపించింది.

ఇంకో గంటకు, కరెంటు తీగల కోసం చెట్లు కొట్టేసిన ఖాళీ జాగా వచ్చింది. నాకంటే ముందు తాతయ్యే ఆగి, గాలి వాసన పట్టాడు. ఫెర్న్ పొదల్లో గోధుమరంగువి మూడు కనబడ్డాయి. ఏది జంతువో ఏది కాదో తేలలేదు. తాతయ్య చెయ్యి నా చేతి కోసం ఎదురుచూస్తోంది. బైనాక్యులర్స్ పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. నేను ఆయన చెయ్యి వదిలేసి సంచి తెరిచాను.

అద్దాల్లో కణుజు ఎంత దగ్గరగా వచ్చిందంటే, తడి ముక్కు, కనురెప్పల వెంట్రుకలు, చెవి మీద వాలిన ఈగ కూడా కనిపించాయి. నాకు ఒళ్లు తెలియలేదు. పక్కన తాతయ్య గాలిలో చెయ్యి చాచి ఎంతసేపు వెతుక్కున్నాడో నాకు తెలియదు. తాతయ్య చూపిన వేళ్లు లెక్కపెడుతున్న ఆఫీసరు గుసగుస మాత్రం వెనక నుంచి వినబడింది. "త్రీ ఆ, అంకుల్?"

నేను గట్టిగా అనేశాను. "మూడు కాదు తాతయ్యా, ఒకటే! మిగతా రెండూ మొద్దులు!" అదే మాట ఆఫీసరు కోసం ఇంగ్లీషులోనూ చెప్పాను.

పొదలు ఫెళఫెళలాడాయి. కణుజు పరుగెత్తింది. ఆఫీసరు నా దగ్గర బైనాక్యులర్స్ తీసుకుని చూశాడు. నిజమే, రెండు మొద్దులు. మంచివాడు, తేలిగ్గా తీసుకున్నాడు. "వన్ ఓన్లీ లా, అంకుల్. నెవర్ మైండ్" అని నోటుబుక్కులో రాసుకున్నాడు. తాతయ్య నవ్వి, పిల్ల కళ్లు మంచివని మలయ్‌లో అన్నాడు. బస్సులో ఇంటిదాకా నా సంచి ఆయనే ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంట్లో అందరికీ, కారిడార్‌లో కనిపించిన ప్రతివాళ్లకూ, మనవరాలు కణుజును పట్టేసిందని చెప్పాడు. నేను ఆ పొగడ్తలో పదిహేను రోజులు తేలిపోయాను.

ఆఫీసు నుంచి మళ్లీ కబురు రాలేదు. బూట్లు మంచం కిందికి వెళ్లిపోయాయి. ఒకరోజు బియ్యం ఏరుతూ అమ్మమ్మ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నువ్వు సెయ్యెందుకు ఒగ్గేసినావే? మీ తాతకి సూపు నేదే అమ్మా. రెండేళ్ల బట్టీ నేదు. ఎవలికీ సెప్పొద్దన్నాడు. నీ సెయ్యే ఆయన సూపు."

ఇంకొకటి కూడా చెప్పింది. మొద్దులను జింకలనుకోవడానికి తాతయ్యకు అసలు మొద్దులు కనబడితే కదా. బురదలో వేళ్లకు తగిలిన గిట్టలు మూడు జంతువులవి. నా చెయ్యి అందకపోయేసరికి ఆ లెక్కే చూపించాడు. నేను అరిచినప్పుడు పొదల్లో మూడు పరుగులు విన్నాడు. మిగతా రెండూ ఎక్కడో పక్కన పడుకుని ఉంటాయి, నేను చూసిన గొట్టంలోకి అవి రాలేదు. ఆ మాట ఆఫీసరుకు చెప్పి ఉంటే ఆయన లెక్క నిలబడేది. కానీ ఎలా తెలిసిందో చెప్పాలి, చెబితే మనవరాలి మాట నలుగురిలో తప్పవుతుంది. అందుకని ఊరుకున్నాడు.

క్షమించమని అడుగుదామని కారిడార్‌లోకి వెళ్లాను. పక్కింటి ఆంటీకి ఆయన నా కళ్ల గొప్ప చెబుతున్నాడు. గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరిగాను. రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం అనుకుంటూ ఉండగానే మరుసటి ఏడు ఆయన పోయాడు.

పోయిన నెల మా ఇంట్లో గది అద్దెకు తీసుకున్న అమ్మాయి, యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది, జింకలను చూడ్డానికి మండాయ్ వెళ్తూ అడిగింది. "ఆంటీ, బైనాక్యులర్స్ క్యారీ చెయ్యనా, వేస్టా?" పక్కన ఎవరు వస్తున్నారని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. తీసుకెళ్లు, కానీ తీసేముందు పక్కవాళ్లకు చెప్పు అన్నాను. అంతకంటే వివరంగా చెప్పడం నావల్ల కాలేదు.

ఆ కణుజు కనురెప్పలు నాకు ఈ క్షణాన కూడా కనబడతాయి. ఈగ వాలింది ఏ చెవి మీదో కూడా చెప్పగలను. ఎత్తిన మూడు వేళ్లు దించుకున్నప్పుడు తాతయ్య ముఖం ఎలా ఉందో మాత్రం తెలియదు. ఎంత తలుచుకున్నా గుర్తు రాదు, చూడలేదు కనుక. అప్పుడు నేను పారిపోతున్న జింక వెంట అద్దాలు తిప్పుతున్నాను.