కరెంటు పోయాక మిగిలిన అధ్యాయం

క్యాంపస్ కంప్యూటర్ సెంటర్లో కరెంటు పోయేసరికి మా ఆవిడ మూడో అధ్యాయం చివరి పేరాలో ఉంది. పొద్దున్నుంచి వీఐ అనే ఎడిటర్ ప్రోగ్రాంలో కొట్టిందాన్ని ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు. తెర నల్లబడింది. ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

ఇది తొంభైల మొదట్లో సంగతి. తార్నాకలో అద్దెకుండేవాళ్లం. నాది పత్రికలో రాత్రి డ్యూటీ. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని క్యాంపస్‌కు నడిచేవాణ్ని. ఆ రోజూ ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె రసాయనశాస్త్రంలో పరిశోధన చేసేది. గైడు ఆ సాయంత్రం రైలెక్కుతున్నారు. అధ్యాయం చేతికిస్తే దారిలో చదువుతానన్నారు. ఇవ్వకపోతే ఆయన తిరిగొచ్చేదాకా, అంటే ఇంకో సెమిస్టర్, ఆగాలి.

ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న మనిషి. అక్కడ కొట్టిన అక్షరం కాగితం మీద పడిందంటే ఇక పడినట్టే. దాచిపెట్టమని యంత్రానికి మళ్లీ విడిగా చెప్పాలన్న ఊహే ఆమెకు రాలేదు.

కరెంటు వచ్చింది. యూనిక్స్ యంత్రం తాపీగా లేచింది. అధ్యాయం తెరవబోతే అలాంటి ఫైలే లేదంది.

కంప్యూటర్ సైన్స్‌లో పరిశోధన చేసే అడిక్‌మెట్ కుర్రాడు పక్క టెర్మినల్ నుంచి తొంగిచూశాడు. మా ఆవిడను అక్కా అనేవాడు, ఆ లెక్కన నేను బావను.

"ఏందక్కా, గట్ల కూసున్నవ్?"

"చాప్టరంతా పోయింది తమ్ముడూ."

"యాడికి పోతది? వీఐ కొట్టి, అడ్డగీత పెట్టి, ఆర్ కొట్టు. ఎనుక ఫైల్ పేరు. జర చూస్కుంట కొట్టు, పరేషాన్ కాకు."

కొట్టింది. మొదటి పేజీ వచ్చింది. ఆమె కిందికి దిగుతూ పోయింది. పట్టికలు, ఫుట్‌నోట్లు, అన్నీ ఉన్నాయి. "ఉన్నాయండీ," అంది నా చొక్కా పట్టుకుని. నేను అప్పుడు కూర్చున్నాను.

"సేవ్ చేయనిది ఎలా మిగిలింది?" అని అడిగాను.

"వీఐ తాత పేరు ఈడీ, బావా. గాయినకు తెర లేకుండె. టెలిప్రింటర్ అసొంటి మిషన్ల మీద నడిచెటోడు."

టెలిప్రింటర్ అంటే నాకు తెలుసు. మా ఆఫీసులో ఒక మూల రోజంతా టకటకలాడుతూ కాగితం కక్కేది. ఈడీ కూడా అడిగిన వరుసను మాత్రమే కాగితం మీద అచ్చుకొట్టి చూపేదట. తప్పు చేస్తే ఒక్క ప్రశ్నార్థకం పడేసి ఊరుకునేదట.

"మా న్యూస్ ఎడిటరూ అంతే," అన్నాను.

"అయితే మీరు ఈడీ కింద పనిజేసిండ్రన్నట్టు!"

ఆ ఈడీని పెంచితే ఈఎక్స్ అయింది. ఈఎక్స్‌కు తెర తగిలిస్తే వీఐ. పాత యంత్రాల జ్ఞాపకశక్తి చాలా చిన్నది. అందుకని తాత దిద్దుతున్న పాఠాన్ని డిస్కు మీద ఒక పక్క ఫైలులో పెట్టుకుని పని చేసేవాడు. మనుమడికీ ఆ అలవాటు పోలేదు. ఆమె చెప్పకపోయినా అది తన పని కోసం రాసుకుంటూనే ఉంది. కరెంటు పోయినా ఆ ఫైలు మిగిలింది.

అయితే చివరి పేరా డిస్కు దాకా చేరలేదు. దాన్ని ఆమె కాగితం మీద రాసుకోలేదు, అక్కడే అల్లుకుంటూ కొట్టింది. మళ్లీ రాసి, ఈసారి సేవ్ చేసి, ప్రింటు తీసి, ఆటోలో స్టేషన్‌కు పట్టుకెళ్లాం. గైడు కిటికీలోంచి చెయ్యి చాచి అందుకున్నారు.

బైండు చేసిన థీసిస్‌లో ఉన్నది ఆ రెండోసారి రాసిన పేరాయే. మొదటిదే బాగుందని ఆమె ఇప్పటికీ అంటుంది. అందులో ఏముందో మాత్రం ఆమెకూ గుర్తు లేదు.