కెరమెరి ఘాట్‌లో విప్పేసిన కొమ్మ

ఆ రోజు ఘాట్ దిగుతూ సైకిలు వెనక కట్టిన కొమ్మను నేనే విప్పేశాను. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది. అంతకాలం ఆ తప్పును మరో మనిషి మోశాడు. నాకు గుట్టల్లో సైకిలు తొక్కడం నేర్పిన మనిషి ఆయన.

డెబ్బైల మధ్యలో మలేరియా పనికి ఆదిలాబాద్ అడవుల్లో చేరాను. మాది హుస్నాబాద్ దగ్గర ఊరు. అక్కడి బాటల మీద సైకిలు తొక్కినంత మాత్రాన నాకు అంతా వచ్చనుకున్నాను. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి దాటాక ఘాట్ మొదలవుతుంది. అప్పుడు అది మొరం రోడ్డు, వాన పడితే మొరం కొట్టుకుపోయి కంకర మిగిలేది. ఒక పక్క గుట్ట, ఒక పక్క లోయ. పైన, కనుమ దాటాక, టేకు చెట్ల మధ్య గోండు గూడేలు. జ్వరం ఉన్నవాళ్ల వేలి నుంచి రక్తపు చుక్క గాజు పలక మీద తీసుకుని, వాళ్ల గోడ మీద తేదీ రాసి, పలకలను రేకు డబ్బాలో సర్ది కిందికి తేవడం మా పని.

ఆ దారుల్లో నాకంటే ముందు పదేళ్లు తిరిగిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. లక్సెట్టిపేట మనిషి. నేను అన్నా అనేవాణ్ని, ఆయన తమ్మీ అనేవాడు. మొదటి రోజు ఘాట్ మొదట్లోనే ఆయన నా సైకిలు చక్రాల్లోంచి సగం గాలి తీసేశాడు. నాకు మండిపోయింది.

“ఏందన్నా, గింత కష్టపడి కొట్టిన గాలి!”

“బిర్రుగుంటే కంకర మీద ఎగిరెగిరి పడతవ్. జర మెత్తగుంటే రాయిని కరుచుకుని పోతది. ఇగ సూడు, రాయి దిక్కు సూడకు. రాయిని సూస్తే రాయి మీదికే పోతవ్. సందు దిక్కు సూడు.”

ఎడ్లబండి చక్రాలు నొక్కిన గాడిలోనే పొమ్మన్నాడు. మూడో మలుపు దాటాక దిగి, సైకిలును భుజానికెత్తుకుని పెద్ద రాళ్ల మీదుగా నడిచాం. ఊట నీళ్లు ఎక్కడ వస్తాయో, ఏ మలుపులో ఉదయం పూట బండ మీద నాచు జారుతుందో ఆయనకు తెలుసు. గూడెంలోకి వెళ్లగానే ఒక ముసలమ్మ అరిచింది. “వచ్చిండ్రా మా రక్తం తాగేతందుకు!” ఆయన నవ్వి, “నీ రక్తం వద్దు తల్లీ, చేదుంటది. గట్క పొయ్యి, గది తాగుతం” అన్నాడు. ఆమె తిట్టుకుంటూనే ఇద్దరికీ జొన్న గట్క పోసింది. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగినా అంత ఆకలికి అంత సరిగ్గా అందిన తిండి నాకు గుర్తు లేదు.

దిగేటప్పటి పద్ధతి వేరు. ఆకులతో ఉన్న తునికి కొమ్మ, మనిషి ఎత్తుది, నరికి క్యారియర్‌కు తాడుతో కట్టి ఈడ్చుకుంటూ దిగాలి. ఆకులూ రెమ్మలూ కంకరను పట్టుకుని సైకిలును వెనక్కి గుంజుతాయి. బ్రేకు మీద భారం తగ్గుతుంది. కింద వాగు దగ్గర కొమ్మ విప్పి పక్కన వేయాలి. అక్కడ మేం వేసిన ఎండు కొమ్మల కుప్పను ఆడవాళ్లు వంటచెరకుకు తీసుకుపోయేవాళ్లు.

నాలుగో నెలలో నా సైకిలు చక్రం వంకరపోయింది. ఆయన తన సైకిలు ఇచ్చాడు. ముందు రోజు సాయంత్రం నా ఎదుటే బ్రేకు రబ్బర్లు కొత్తవి వేసి, స్క్రూలు బిగించి, చక్రం తిప్పి చూశాడు. “బ్రేకు మంచిగుంది. అయినా కొమ్మ ఇప్పకు. వాగు దాకా ఇప్పకు” అన్నాడు.

తిరుగు దారిలో కనుమ మీద బస్సు ఆగి ఉంది. ఇంజనులో నీళ్లు పోస్తున్నారు. దిగిన జనంలో ఒకడు నా వెనక ఈడుస్తున్న కొమ్మను చూసి, “గిదేందిరా, సర్కారు రోడ్డు ఊడ్వనీకి కూడ నౌకరు పెట్టిందా!” అన్నాడు. అందరూ నవ్వారు. “జర మా వాకిలి కూడ ఊడ్చిపో తమ్మీ!” అని ఒకామె. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మొదటి మలుపు తిరిగి వాళ్ల కంటికి కనబడకుండా పోయాక, దిగి ముడి విప్పి కొమ్మను లోయలోకి విసిరేశాను. ఆ బస్సు కంటే ముందు కిందికి చేరాలని పట్టుదల.

మూడో మలుపు దగ్గర కాలిన రబ్బరు వాసన వచ్చింది. బ్రేకు ఎంత నొక్కినా సైకిలు ఆగలేదు. నేను రాయినే చూశాను. లేచేసరికి మోచెయ్యి విరిగి ఉంది, ముందు బ్రేకు కడ్డీ రెండు ముక్కలైంది, రేకు డబ్బాలోని పలకలన్నీ పిండి అయ్యాయి. వెదురు కోసం వచ్చిన ఇద్దరు గోండు మనుషులు నన్ను ఎడ్లబండిలో కిందికి చేర్చారు.

మర్నాడు పై అధికారి వచ్చి విరిగిన కడ్డీ చూసి, “బ్రేకు ఫెయిలైందా?” అని అడిగాడు. ఆయన పక్కనే అన్న నిలబడి ఉన్నాడు. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. నేను తల ఊపాను. అంతే. “ఎవరు చూశారు ఈ సైకిలును?” అంటే అన్న ముందుకొచ్చి, “నేనే సార్. స్క్రూ నేనే బిగించిన” అన్నాడు. ఆయన నా వైపు చూసిన చూపులో కోపం లేదు. భయం ఉంది, నా ప్రాణం తన చేతిలో పోయేదని.

పగిలిన పలకల కోసం ఆయనే మళ్లీ గూడేలన్నీ కాలినడకన తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఆయన్ను దోమల మందు బస్తాల స్టోరులో కూర్చోబెట్టారు. ఆయన దారులు నాకిచ్చారు. ఆరేళ్లు తిరిగాను. ఘాట్‌లో నన్ను మించినవాడు లేడని పేరొచ్చింది. ఊటల దగ్గర నీళ్లు తాగిన ప్రతిసారీ, గాడిలో చక్రం నిలిచిన ప్రతిసారీ అది ఆయన పెట్టిన భిక్షే. కొమ్మ మాత్రం మళ్లీ ఎన్నడూ విప్పలేదు. చెబుదామని స్టోరు దాకా పోయి, చాయ్ తాగి తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. తర్వాత నాకు కరీంనగర్‌కు బదిలీ అయింది.

తొంభైల్లో ఒకసారి పనిమీద లక్సెట్టిపేట పోయి ఆయన ఇల్లు వెతుక్కున్నాను. అప్పటికే రిటైరయ్యాడు. అరుగు మీద ఎవరిదో సైకిలు చైను విప్పి నూనె పెడుతున్నాడు. నన్ను చూసి నూనె చేతులతోనే భుజాలు పట్టుకున్నాడు. మేం మాట్లాడుతుండగా పక్కింటాయన వచ్చాడు.

“కాకా, జర బ్రేకు వదులైంది. బిగియ్యరాదె?”

“బ్రేకు నేను ముట్ట. దుకాణానికి పో.”

లోపల్నుంచి ఆయన భార్య నవ్వుతూ అంది. “గాయనకు గదొక్క పిచ్చి. సైకిలంత ఇప్పుతడు, బిగిస్తడు. బ్రేకు కాడికొచ్చేసరికి చెయ్యి తీస్తడు. ఎవలకో దెబ్బ తాకిందంట ఎన్కట.”

ఆమె తెచ్చిన చాయ్ నా చేతిలోనే ఉండిపోయింది. ఆ పక్కింటాయన వెళ్లేదాకా కూడా ఆగలేకపోయాను.

“అన్నా, నీ బ్రేకు మంచిగనే ఉండే. కొమ్మ నేనే ఇప్పిన. బస్సుల జనం నవ్విండ్రని ఇప్పి లోయల పడేసిన.”

ఆయన చేతిలోని గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

“స్క్రూ?” అన్నాడు చివరికి.

“గట్టిగుండే. పొద్దుగాల ఎక్కేటప్పుడు నేనే సూసిన.”

“వదులు పెట్టిన్నేమోనని ఇన్నేండ్లు...” అని ఆపేశాడు. తర్వాత పక్కింటాయన వైపు తిరిగి, “పానా తే బిడ్డా” అన్నాడు.

ఆయన వంగి ఆ బ్రేకు స్క్రూ బిగిస్తుంటే నేను చక్రం పట్టుకుని పక్కనే కూర్చున్నాను. “తప్పయింది అన్నా. నాకు బాట సూపిచ్చినోనివి నువ్వు. నిన్నే బాటల నుంచి తీసేయించిన. మాఫ్ చెయ్యి” అన్నాను.