గ్రహణం విడవకముందే పడిన రోకలి

ఈ రోజు సూర్యగ్రహణం. కంకిపాడులో మబ్బు పట్టి సూర్యుడు కనపడలేదు. అందుకని మా అత్తయ్య ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. అది పడితే గ్రహణం విడిచినట్టు. అప్పుడే స్నానాలు, వంట. పొద్దుటి నుంచి పస్తున్న మామయ్య ఆకలికి ఆగలేక, ఆవిడ దొడ్లోకి వెళ్లగానే రోకలిని కాలితో తోసి, "విడిచిందే!" అని కేకేశాడు.

అందరం పప్పన్నం కలిపేసరికి మబ్బు తొలగింది. సూర్యుడు ఇంకా సగమే ఉన్నాడు.

"ఇదేమిటండీ?" అంది అత్తయ్య.

"రోకలి తొందరపడిందే. ఎలాగూ ఎంగిలిపడ్డాం, కాస్త నెయ్యి వెయ్యి."

ఆవిడ వండినదంతా గేదెల కుడితిలో పోసి, రోకలి మళ్లీ నిలబెట్టి, దాని పక్కనే పీట వేసుకు కూర్చుంది. మేం అన్నం తినేసరికి దీపాలు పెట్టారు. మీ ఇళ్లలో రోకలి తనంతట తనే పడిందా?